నాలుగు గంటల దూరంలో మా తమ్ముడు

మా పిన్ని లెక్కలో ప్రపంచం రెండే ముక్కలు. తను ఉన్నది ఒకటి, మేము ఉన్నది ఇంకొకటి. అందుకే ఫోన్ చేసిన ప్రతిసారీ, "మీకేమే, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక్కచోటే ఉన్నారు, అదృష్టవంతులు" అంటుంది. ఒక్కచోటంటే ఒక్క దేశం. నేనొక ఊళ్ళో, వాడొక ఊళ్ళో, మధ్యలో రైల్లో నాలుగు గంటలు. మొదట్లో విడమరచి చెప్పేదాన్ని. "నాలుగు గంటలేగా, దగ్గరే!" అనేది. నేనూ అలాగే అనుకునేదాన్ని కాబట్టి ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

మా చిన్నప్పుడు నాలుగు గంటలంటే పెద్ద ప్రయాణం. మా మేనత్త వాళ్ళ ఊరు బస్సులో సరిగ్గా నాలుగు గంటలు. ఏడాదికి ఒక్కసారి వెళ్ళేవాళ్ళం. వారం ముందు నుంచే బట్టలు ఉతికి మడతపెట్టడం, దారికి తిండి కట్టడం, మరచెంబు వెతకడం, ఇల్లంతా హడావుడి. బయల్దేరుతుంటే వీధిలో వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు మేనత్త బస్సు కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చేది. కండక్టరు విసుక్కుని, ఆవిడ చెయ్యి విడిపించి మరీ రైట్ చెప్పేవాడు. మళ్ళీ ఏడాదికి గానీ చూడమని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు.

ఒకసారి విమానమెక్కి సగం భూగోళం దాటాక ఆ నాలుగు గంటలకి విలువ లేకుండా పోయింది. వేల మైళ్ళు వచ్చినవాళ్ళకి అదొక దూరమా? దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు అనుకుంటాం. అలా అనుకున్న చోటికి ఇక వెళ్ళనే వెళ్ళం. సొంత ఊరికి పోవాలంటే ఏడాది ముందే సెలవు అడిగి పెట్టుకుంటాను, పిన్నికి ఏం తేవాలో చీటీ రాసుకుంటాను. తమ్ముడి ఇంటికి పోయి మాత్రం మూడేళ్ళయింది.

మా అమ్మ పోయేనాటికి నాకు పద్దెనిమిది, వాడికి ఏడు. నాన్న ఉన్నాడంటే ఉన్నాడు. వాడికి అన్నం పెట్టింది, తలంటింది, తన్నింది, బడికి ఈడ్చుకుపోయింది నేనే. పెళ్ళై మా ఆయనతో ఈ దేశం వచ్చాక, ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, వాణ్ణీ రప్పించాను. మా ఒంటిగదిలోనే మూడేళ్ళున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తే, "నాలుగు గంటలే అక్కా, దగ్గరే" అని పెట్టె సర్దుకుని పోయాడు. ఏడేళ్ళ కిందట మా ఆయన కూడా పోయాడు, ఆయన పోయిన చోటికి గంటల లెక్క లేదు. పిల్లలు లేరు. గోడకవతలి వాటాలో ఆరేళ్ళుగా ఒకావిడ ఉంటోంది. ఆవిడ దగ్గు తప్ప నాకు ఆవిడ గురించి ఏమీ తెలియదు. పిన్ని ఇంట్లో కుళాయి కారుతోందంటే మాత్రం అదే పూట తెలిసిపోతుంది.

నాకు మిగిలింది ఆదివారం ఫోను. ఆదివారం సాయంత్రం ఐదింటికి నేను చేస్తాను, వాడు ఎత్తుతాడు. అరగంట మాట్లాడుకుంటాం. పిన్ని మోకాళ్ళ నొప్పి, వాడి ఆఫీసరు పిసినారితనం, నా పనిచోట ఇస్త్రీ చేసే ఆయన జోకులు. ఆ అరగంట కోసం వారమంతా మాటలు దాచుకునేదాన్ని. మధ్యలో వాడు నవ్వితే ఆ రాత్రి సుఖంగా నిద్రపోయేదాన్ని. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకున్న మనిషి వాడొక్కడే.

నా పని ఆసుపత్రి నేలమాళిగలో. అక్కడ ఉతికిన దుప్పట్లు, రోగుల గౌన్లు, డాక్టర్ల కోట్లు ఇంకా వేడిగా ఉండగానే బళ్ళలో వస్తాయి. చిరిగినవి ఏరి నా మిషను పక్కన పడేస్తారు. దుప్పటి అంచులు మడిచి కుట్టడం, గౌన్లకి ఊడిపోయిన తాళ్ళు వేయడం, కోట్లకి గుండీలు. రోజుకి డెబ్భై గౌన్లు నా చేతి కిందుగా పోతాయి. రోగం వచ్చినవాళ్ళు గౌను తాళ్ళు ఎందుకంత గట్టిగా లాగుతారో నాకు ఇరవై ఏళ్ళయినా అర్థం కాలేదు. మేము నేలమాళిగ వాళ్ళం సామాన్ల లిఫ్టు వాడాలి, లేదంటే మెట్లెక్కాలి. ముందువైపు అద్దాలున్న లిఫ్టు రోగులకీ, చూడవచ్చే వాళ్ళకీ. అందులో మేము ఎక్కకూడదు. అది రూలు. ఇన్నేళ్ళలో ఆ లిఫ్టు లోపల ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలియదు.

ఒక గురువారం సామాన్ల లిఫ్టు మొండికేసింది. పైన మూడో అంతస్తులో గౌన్లు లేక నర్సులు గగ్గోలు పెడుతున్నారు. మా సూపర్‌వైజరమ్మ తల పట్టుకుని, "ఇవాళ ఒక్కరోజుకి ముందు లిఫ్టులో పో. అద్దాలకి బండి తగిలిందో, నీ పని చెబుతా" అంది. బండి తోసుకుంటూ ఎక్కాను. మూడు నొక్కాను. గుండీల పక్కన చిన్న అద్దాల చట్రంలో ఒక కార్డు ఉంది. నెలకొకసారి లిఫ్టు పరీక్ష చేసినవాళ్ళు తేదీ వేసి సంతకం పెట్టే కార్డు. ఊరికే చదివాను. చదివేశాక, నేను చదివింది తెలుగని తెలిసింది.

రెండక్షరాలు, చివరి అక్షరం నుంచి వెనక్కి తిరిగిన పొడుగాటి తోక, తోక కింద రెండు చుక్కలు. ఆ తోక నేను నేర్పిందే. నేను సెలవుకి ఊరెళ్ళినప్పుడు, పాస్‌పోర్టు కాగితాల మీద పెట్టడానికి వాడికి సంతకమే లేకపోతే, "సంతకమంటే దర్జాగా ఉండాలిరా" అని కూర్చోబెట్టి నేర్పాను. ఇంగ్లీషులో మార్చుకుంటానని తర్వాత వాడు గొణిగినా, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఎక్కడైనా పెట్టాలి కాబట్టి వాడికి ఆ తోక తప్పలేదు. ఈ దేశం మొత్తం గాలించినా ఆ తోక ఇంకొకరికి ఉండదు.

కార్డు మీద అలాంటివి ఎనిమిది ఉన్నాయి. ఎనిమిది నెలలు, నెల నెలా మొదటి మంగళవారం. మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. నర్సు చెయ్యి చాచింది. నేను దిగలేదు. తలుపు మూసుకుంది, లిఫ్టు ఆరు దాకా పోయి మళ్ళీ దిగింది. నేను కింద కూర్చుని గౌన్లకి తాళ్ళు కుడుతుంటే, నా నెత్తి మీదే వాడు తాళ్ళూ తీగలూ బిగిస్తున్నాడన్నమాట. నేను ఏ ఆసుపత్రిలో పనిచేస్తున్నానో వాడికి తెలియదా? ఈ గేటు దగ్గర నా కోసం ఎన్ని సాయంత్రాలు నిలబడ్డాడు!

సెక్యూరిటీ ఆయన మంచివాడు, ఒకటి అడిగితే నాలుగు చెబుతాడు. లిఫ్టు మెకానిక్ గురించి యథాలాపంగా అడిగినట్టు అడిగాను.

"ఆయనా? కొత్తగా వచ్చాడు. మర్యాదస్తుడు" అన్నాడు. "నది అవతలే ఇల్లు. ఆయన భార్యకి ఇక్కడి బళ్ళో ఉద్యోగం వచ్చిందట, అందుకని ఈ ఊరికి మారారు. ఒక్కటే విడ్డూరం. పైనంతా తనే చేస్తాడు, నేలమాళిగలో పనుంటే మాత్రం జతగాణ్ణి పంపిస్తాడు. కిందికి చచ్చినా దిగడు."

"కిందేముందని భయం?" అన్నాను.

"నువ్వున్నావుగా" అని పెద్దగా నవ్వాడు. నాతో అందరూ అలాగే వేళాకోళమాడతారు, నాది ముక్కు మీద కోపమని. ఆ రోజు నేను నవ్వలేకపోయాను. నది అవతలంటే బస్సులో ఇరవై నిమిషాలు.

ఆదివారం ఐదింటికి ఫోన్ చేశాను. ఏమీ తెలియనట్టే పిన్ని మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టాను. బయట వాన దంచికొడుతోంది. ఫోన్లోనూ వాన చప్పుడే.

"మీ ఊళ్ళో వానారా?" అన్నాను.

"లేదక్కా. ఇక్కడ ఎండే."

అరికాలి మంట నెత్తికెక్కింది. కిటికీ రెక్క వేసేశాను, వాడి వాన మాత్రం ఆగలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగి పెట్టేశాను. మూడేళ్ళుగా రాలేదంటే నాలుగు గంటలు కదా అనుకున్నాను. సెలవు దొరకలేదంటే నమ్మాను. ఇరవై నిమిషాల్లో ఉండి, రాకుండా, ఎండని వాన చెయ్యడం కూడా కాదు, వానని ఎండ చేస్తున్నాడు! పెంచిన చేతులతో లెంపకాయ కొట్టాలనిపించింది.

కార్డు చూసిన గురువారం నుంచి కొత్త నెల మొదటి మంగళవారం దాకా పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ వాణ్ణి ఏం తిట్టాలో వల్లె వేశాను. మిషను తొక్కుతూ తిట్టాను, బస్సులో పెదాలు కదుపుతూ తిట్టాను. ఎదురు సీటువాళ్ళు లేచి వేరే చోట కూర్చున్నారు. తిట్లన్నీ అయిపోయాక, మధ్యాహ్నాలు చేతులు ఊరికే ఉన్నప్పుడు, ఒక ప్రశ్న మిగిలేది. వీడికి నేను కావాలా, వద్దా? అది తేలకపోతే నాకు ఆదివారం లేదు. ఆదివారం లేకపోతే వారమంతా దేనికోసం?

ఎందుకు మొహం చాటేశాడో నాకు తెలియదని చెప్పను. తెలుసు. మూడేళ్ళ కిందట వాళ్ళింటికి వెళ్ళి నాలుగు రోజులున్నాను. వాడి భార్యది మన భాష కాదు. నెమ్మదస్తురాలు, నాతో నవ్వుతూ, సగం మాటలతో సగం సైగలతో మాట్లాడేది. వాళ్ళ ముందు గదిలో కిటికీ తెరలు పొడుగైపోయి నేల ఊడుస్తున్నాయి. దుమ్మంతా అంచుల్లోనే. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు వాళ్ళిద్దరూ పనులకి పోగానే, కుర్చీ ఎక్కి ఆరు తెరలూ దించి, జానెడు కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ వేలాడదీశాను. వంటగది అరలు కూడా సర్దాను, ఎలాగూ కుర్చీ ఎక్కాను కదా అని. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. తెరల వంక చూసింది. నేల మీద నుంచి కత్తిరించిన పేలిక ఒకటి తీసి చేతికి చుట్టుకుంది. గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ తెరలు వాళ్ళమ్మ కుట్టి పెట్టినవట. నేల మీద పరుచుకోవడమే వాటి అందమట. నాకేం తెలుసు?

స్టేషన్‌లో వాడు, "అడిగి చేయాల్సిందక్కా" అన్నాడు.

"నిన్ను పెంచేటప్పుడు ఎవర్ని అడిగి పెంచానురా?" అన్నాను. రైలు కదిలింది. వాడు చెయ్యి ఊపాడో లేదో కూడా చూడలేదు, అటు తిరిగి కూర్చున్నాను. అదే ఆఖరిసారి.

మంగళవారం వచ్చింది. పదకొండింటికి ముందు లిఫ్టు దగ్గర పసుపుపచ్చ అడ్డుబల్ల పెట్టారు. సూపర్‌వైజరమ్మకి కడుపులో నొప్పని చెప్పి మెట్లెక్కడం మొదలుపెట్టాను. లిఫ్టు పెట్టె ఆరో అంతస్తులో ఆపారని సెక్యూరిటీ ఆయన చెప్పాడు. యాభై రెండేళ్ళ దాన్ని, ఏడు అంతస్తుల మెట్లు. రెండో అంతస్తుకి ఆయాసం, నాలుగో అంతస్తుకి కాళ్ళలో వణుకు. తిట్లు మాత్రం వరసగా గుర్తున్నాయి. "ఏరా, మీ ఊళ్ళో ఎండగా ఉందా?" అని మొదలెట్టాలని నిర్ణయించుకున్నాను.

ఆరో అంతస్తులో మెట్లకీ వరండాకీ మధ్య బరువైన తలుపు ఒకటి ఉంది. దానికి తల ఎత్తులో చిన్న గాజు పలక. అందులోంచి చూశాను. పదడుగుల్లో వాడు.

నాకు వీపు పెట్టి, పనిముట్ల పెట్టె మీద కూర్చుని తింటున్నాడు. తల వెనక జుట్టు సగానికి సగం నెరిసింది. ఫోన్లో మనిషి నెరవడు కదా, నాకు ఎలా తెలుస్తుంది? ఒళ్ళో డబ్బా, చెవి దగ్గర ఫోను. భార్యతో మాట్లాడుతున్నాడు, ఆమె భాషలో. ఆ భాష నాకు పనికి సరిపడా వచ్చు. ఏదో అడిగినట్టుంది. "నాలుగింటికల్లా అయిపోతుంది. ఇరవై నిమిషాలు, దగ్గరేగా" అన్నాడు. ఆమె ఇంకేదో అంది. వాడు నవ్వాడు.

నవ్వాడంటే అలా ఇలా కాదు. డబ్బా పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని, వెనక్కి వాలి నవ్వాడు. ఏడేళ్ళ వయసులో కూడా వాడు నా ముందు అలా నవ్వలేదు. ఆదివారం నవ్వులు విని మురిసిపోయిన నేను, అవి వాడు నా కోసం కొలిచి కత్తిరించి ఇచ్చిన నవ్వులని తలుపు ఇవతల నిలబడి తెలుసుకున్నాను.

వాడు ఫోన్ పెట్టేశాడు. తలుపు తోయాలి. చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. తోయకుండా, నేను ఫోన్ చేశాను. ఎందుకంటే చెప్పలేను. వాడికి ఒక్క అవకాశం ఇద్దామనుకున్నానేమో, లేక నాకు ధైర్యం చాలలేదేమో.

మోగింది. వాడు ఫోన్ తెర వంక చూశాడు. డబ్బా మూత పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, లేచి నిలబడ్డాడు. నిలబడే ఎత్తాడు. అంటే ప్రతి ఆదివారం ఇలాగే నిలబడి మాట్లాడతాడా?

"అక్కా! ఏంటి, మంగళవారం చేశావ్? ఒంట్లో బానే ఉందా?"

దూరం వాళ్ళతో మాట్లాడుతున్నామంటే గొంతు పెంచడం మనవాళ్ళ అలవాటు. వాడూ అంతే, నాలుగు గంటల అవతల ఉన్నదానికి వినపడేటట్టు అరిచాడు. ఆ మాట తలుపులోంచి ముందు వచ్చింది. ఫోన్లో ఆ తర్వాత వచ్చింది. మధ్యలో ఒక రెప్పపాటు. పదడుగులు రావలసిన మాట ఎక్కడెక్కడికో పోయి, తిరిగి తిరిగి నా చెవిలో పడింది.

"బానే ఉన్నాన్రా" అన్నాను, గోడ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏంటక్కా, గుసగుసలాడుతున్నావు?"

"గొంతు పట్టేసింది. ఎక్కడున్నావు?"

"పనిలో ఉన్నానక్కా."

"ఏ ఊళ్ళో?"

వాడు చెవి మార్చుకున్నాడు. "ఏ ఊళ్ళో ఏంటి? మా ఊళ్ళోనే."

వల్లె వేసిన తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. వెనక్కి తిరగరా అంటే చాలు. అనడానికి నోరు తెరిచి, వేరేది అడిగాను. "ఈ ఊళ్ళో లిఫ్టులు లేవా ఏంట్రా? మీ ఇద్దరూ ఇక్కడికే వచ్చేయరాదూ?"

వాడు నుదురు గోడకి ఆనించి నిలబడ్డాడు. ఫోన్లో అయితే ఆ నిశ్శబ్దాన్ని సిగ్నల్ పోయిందనుకునేదాన్ని. గాజులోంచి చూస్తున్నాను కాబట్టి అది ఏమిటో తెలిసింది.

"అక్కా, ఒకటి చెప్తే తిట్టవుగా?"

"తిట్టను."

"ఒట్టు?"

"చెప్పరా వెధవా."

"దూరంగా ఉంటే నువ్వు నన్ను తల్చుకుంటావక్కా. దగ్గరికొస్తే సరిచేస్తావు. నీకు నాలో చిరుగులే కనపడతాయి. మంచి ఉద్దేశంతోనే చేస్తావు, నాకు తెలుసు. కానీ నలభై ఏళ్ళొచ్చాక కూడా నీ ముందు నిలబడితే నాకు ఏదో ఒకటి కుట్టించుకోవాల్సినట్టే ఉంటుంది. ఆదివారం నీ ఫోనొస్తే నాకెంత బాగుంటుందో నీకు తెలీదు. నువ్వు నవ్విస్తావు. నేనూ నవ్వుతాను. మన మధ్య ఆ నాలుగు గంటలు ఉండబట్టే మనం ఇలా ఉన్నాం. అవి పోతే మనం మళ్ళీ స్టేషన్‌లో లాగే విడిపోతామక్కా."

వాడు ఇంత పెద్ద మాట ఎప్పుడూ మాట్లాడలేదు. రెండు దారుల్లోంచి ఆ మాటలన్నీ నాకు రెండేసిసార్లు వినపడ్డాయి. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే తలుపు అవతలికి వినపడుతుంది.

తలుపు తోస్తే నేనే గెలుస్తాను. అందులో నాకు అనుమానం లేదు. వాడు తల దించుకుంటాడు, క్షమించమంటాడు. వచ్చే ఆదివారం నుంచి ఇద్దరూ వస్తారు, నా మంచం అంచున బుద్ధిగా కూర్చుంటారు. నేను అడిగినదానికి జవాబు చెబుతారు. ఇంటికి పోయాక ఆ అమ్మాయి గది తలుపేసుకుంటుంది. వాడు ఇందాకటి నవ్వు ఇంకెక్కడా నవ్వడు. నన్ను నేను ఎరగనా? నెల తిరక్కుండా వాళ్ళ కిటికీల వంక చూస్తాను.

"ఒరేయ్" అన్నాను. "నేను చెప్పాల్సింది చెప్పనే లేదు. నేను ఈ ఊరు వదిలేస్తున్నాను."

వాడు గోడ మీద నుంచి నుదురు ఎత్తాడు.

"వదిలేయడమేంటి, వదిలేశాను. ఆసుపత్రి పోయిన వారమే మానేశాను. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పెద్ద హోటల్లో దుప్పట్ల పని. ఇక్కణ్ణుంచి... మీ ఊరి నుంచి రైల్లో పదకొండు గంటలు."

అబద్ధం గుక్క తిప్పుకోకుండా వచ్చింది. లేచి, గాజులోంచి చూశాను. వాడి భుజాలు కిందికి దిగాయి. ఎనిమిది నెలలుగా ఈ భవనంలో ఏ మలుపులో నేను ఎదురుపడతానో అని బిగబట్టుకున్న భుజాలు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. అది చూడకుండా ఉండాల్సింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తుంది.

కానీ ఆ నిట్టూర్పు అయిపోగానే వాడు పక్కకి తిరిగి పనిముట్ల పెట్టె మీద దబ్బున కూలబడ్డాడు.

"అదేంటక్కా! నాకు ఒక్కమాట చెప్పకుండా? పదకొండు గంటలా? అంత దూరం ఒక్కదానివీ ఎలా ఉంటావు?" మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాడు, నూనె మరక మొహానికంతా అంటుకుంది. "ఎవర్నడిగి వెళ్ళావు? ఒంట్లో బాలేకపోతే ఎవరు చూస్తారు?"

"నాకేమీ కాదులేరా."

"కాదు, నేనొస్తాను. ఈ నెలాఖరుకి సెలవు పెడతాను. ఇద్దరం వస్తాం. తను కూడా నిన్నెప్పుడూ అడుగుతూ ఉంటుంది, ఒట్టు. ఎంత దూరమైనా సరే, పొద్దున్న బండెక్కితే రాత్రికి నీ దగ్గరుంటాం. ఏమేం తేవాలో చెప్పు. నాకు నిన్ను చూడాలనుందక్కా."

వాడు అబద్ధమాడటం లేదు. అబద్ధమాడేటప్పుడు చెవి మార్చుకుంటాడు, ఇందాక చూశాను. ఇప్పుడు ఫోన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. పదకొండు గంటలు కూర్చుని రావడానికి వాడు నిజంగానే సిద్ధం. నేను హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. తీసేశాను.

"ఇప్పుడే వద్దురా. గది సరిగ్గా కుదరలేదు. నేను చెప్తాలే. ఆదివారం ఫోన్ చేస్తాగా, ఎప్పటిలాగే."

"తప్పకుండా చెయ్యి. ఐదింటికి." ముక్కు ఎగబీల్చాడు. "కనీసం అక్కడ మనకి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అక్కా?"

గాజు పలక మీద నా ఊపిరి ఆవిరి కట్టింది. కొంగుతో తుడిచాను. వాడు తల వంచుకుని, నా జవాబు కోసం చూస్తున్నాడు.

"ఉన్నార్లేరా" అన్నాను. "మనవాళ్ళే ఒకళ్ళు. బాగా దగ్గర్లోనే."

"హమ్మయ్య" అన్నాడు. ముందు తలుపు అవతల నుంచి, తర్వాత ఫోన్లోంచి.